స్కారడల్‌లో ఎత్తిన చరణం

స్కారడల్ పేరు చెప్పి మా వైపు పిల్లల్ని కూడా భయపెట్టరు. ఎందుకంటే, చెప్పినవాళ్ళకే భయం.

లూయిస్ దీవి పడమటి ఒడ్డున, క్రోలిస్టా ఊరు దాటి కొండ దిగితే వస్తుందది. ఊరనాలో, ఊరి శవం అనాలో. కప్పుల్లేని రాతి గోడలు, గోడల మధ్య దురదగొండి చెట్లు. మూడు తరాల కిందట భూస్వామి, గొర్రెల మేతకి నేల చాలట్లేదని, ఒక్క పొద్దుటిపూటలో ఊరంతా ఖాళీ చేయించాడు. మళ్ళీ తిరిగొస్తారేమోనని కప్పులకి నిప్పు పెట్టించాడు. వాళ్ళెక్కిన ఓడ ఏ ఒడ్డు చేరిందో, అసలు చేరిందో లేదో, ఒక్క కబురూ రాలేదు.

అప్పట్నించీ చీకటి పడితే అక్కడ తలుపులు కొడతారంటారు. తలుపులే లేని ఇళ్ళలో... టక్... టక్... అని. ఎవరైనా లోపలికి రమ్మంటారేమోనని.

ఒకసారి ఉన్ని కొనుక్కునే వ్యాపారి ఒకడు వానకి జడిసి ఆ గోడల మధ్య పడుకున్నాడు. తెల్లారి క్రోలిస్టాకొచ్చి, పెట్టిన జావ తాగాడు గానీ నోరు విప్పలేదు. పడవెక్కేముందు మాత్రం ఒక్క మాటన్నాడట — "నేను తియ్యలేదండీ... ఎంత కొట్టినా తియ్యలేదు."

ఇక మార్సలీ సంగతి. విన్నది విన్నట్టు చెప్తా.

మార్సలీది క్రోలిస్టానే. పెళ్ళై రెండో చలికాలం. పిరికిది. మామూలు పిరికిది కాదు... పొద్దుగూకాక కోళ్ళ గూడు మూసి రమ్మంటే వాళ్ళత్త పెగీ గుమ్మంలో నిలబడి మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగితే ఈ పిల్ల పరిగెత్తుకొచ్చేసేది. "కోళ్ళు నిన్ను చూసి జడుసుకుంటున్నాయే, గుడ్లు పెట్టడం మానేశాయి," అనేది పెగీ.

ఆ రోజు పొద్దున మార్సలీ మొగుడు టోర్మడ్ ఒక్కడే చిన్న పడవేసుకుని పీతల బుట్టలు తియ్యడానికి పోయాడు. తోడు వచ్చేవాడికి జ్వరం. "గాలి మారేలా ఉంది, ఇవాళ మానెయ్," అంది పెగీ. "బుట్టలు నీళ్ళలో పెట్టి గాలికి జడిస్తే తినేదేంటమ్మా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి గాలి మారింది. సముద్రం తెల్లగా ఉడికింది. పడవ రాలేదు.

డిసెంబరు నెల. మా దగ్గర ఆ నెలలో పగలనేది ఇలా కనిపించి అలా పోతుంది. దీపాలు పెట్టేవేళకి ఊళ్ళో మగాళ్ళంతా లాంతర్లు పట్టుకుని ఉత్తరం వైపు ఒడ్డెంట వెళ్ళడానికి తయారయ్యారు. వాళ్ళ ముందు ఈవెన్ — సంఘపెద్ద. ఆదివారం గుడిలో చరణం ఎత్తేది ఆయనే.

చరణం ఎత్తడమంటే... మా గుడుల్లో వాయిద్యాలుండవు. ఒక మనిషి లేచి కీర్తనలో ఒక చరణం పాడతాడు. ఆ చరణాన్నే జనమంతా అందుకుని, ఎవరి గొంతు వాళ్ళు సాగదీసుకుంటూ, అల మీద అల పడ్డట్టు వంత పాడతారు. అది ఆగేలోపు ఆయన తర్వాతి చరణం ఎత్తుతాడు. ఎత్తేది మగాడే. ఆడది ఎత్తడం... అలాంటిది ఎవరూ ఎరగరు. ఇంకో సంగతి, ఎత్తిన చరణానికి వంత పాడకుండా ఉండటం మావాళ్ళ వల్ల కాదు. పొలంలో ఉన్నా, పాలు పితుకుతున్నా, ఎక్కడో చరణం వినబడితే నోరు దానంతటదే అందుకుంటుంది.

మార్సలీ ఈవెన్‌కి అడ్డంగా నిలబడింది.

"ఉత్తరం కాదు పెద్దాయనా. దక్షిణం."

"గాలి ఎటుందో చూశావా అమ్మాయ్? పడవని ఉత్తరానికే నెడుతుంది."

"గాలి పైన. కింద నీళ్ళు వేరే. పోటు తిరిగాక ఏది దొరికినా స్కారడల్ కిందకే లాక్కుపోతుందని మా ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. బుట్టల తాళ్ళు తెగితే అక్కడే వెతుక్కుంటాడు... పగటిపూట."

స్కారడల్ అనగానే లాంతర్లన్నీ కదలడం మానేశాయి.

ఈవెన్ గొంతు సవరించుకున్నాడు. "తెల్లారాక చూద్దాం అటు. ఇప్పుడు అక్కడికి... మంచిది కాదు."

గుమ్మంలో కర్ర మీద వాలి నిలబడ్డ పెగీ అంది — "దేవుణ్ణి నమ్ముకున్నావనే సంఘంలో పెద్దరికం ఇచ్చాం ఈవెన్. నువ్వు దెయ్యాన్ని అంతకంటే గట్టిగా నమ్ముతున్నావేం?"

ఎవరో కిసుక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఈవెన్ మొహం ఎర్రబడింది. అయినా ఆయన ఉత్తరానికే నడిచాడు. మిగతావాళ్ళూ ఆయన వెనకే.

అత్తా కోడళ్ళిద్దరూ మిగిలారు. పెగీకి తుంటి పట్టేసి రెండేళ్ళు, గుమ్మం దాటి నాలుగడుగులు వెయ్యలేదు. ఆవిడ మొగుణ్ణి కూడా ఈ సముద్రమే తీసుకుంది. శవం కూడా దొరకలేదు.

"తెల్లారేసరికి నీళ్ళు పూర్తిగా ఎక్కేస్తాయత్తా," అంది మార్సలీ. "ఏ రాతి మీదైనా ఉంటే..."

"ఉంటే."

"నేను... నాకు భయమత్తా. నా వల్ల కాదు."

పెగీ లోపలికెళ్ళి లాంతరు తెచ్చింది. వత్తి సరిచేసి కోడలి చేతిలో పెట్టింది.

"భయం పోయాక బయల్దేరదాం అనుకుంటే ఈ జన్మలో బయల్దేరవు. దాన్ని కూడా వెంటబెట్టుకుపో. పైనున్నాయన ఇద్దర్నీ చూసుకుంటాడు... నిన్నూ, దాన్నీ."

కొండ ఎక్కేదాకా వెనకనించి ఊరి దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. కొండ దిగడం మొదలుపెట్టగానే... ఒక్కటీ లేదు.

లాంతరు వెలుగు ఆమె కాళ్ళ దగ్గరే పడుతోంది. దాని బయటంతా గాలి. కింద ఎక్కడో సముద్రం బండల్ని మోదుతోంది. ప్రార్థన చేసుకుందామనుకుంది. నోట్లో ఒక్క మాట నిలవడం లేదు. చిన్నప్పట్నించి కంఠతా వచ్చినవన్నీ... పోయాయి. "దేవుడా..." అనడం, ఆగిపోవడం. మళ్ళీ "దేవుడా..." అనడం.

మొదటి గోడ వచ్చింది.

ఒడ్డుకి దిగాలంటే ఆ ఇళ్ళ మధ్యనించే దారి. ఇటు నాలుగు గోడలు, అటు నాలుగు గోడలు. గుమ్మాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మార్సలీ తల తిప్పలేదు. కళ్ళు దీపం మీదే. ఒకటి దాటింది. ఇంకోటి దాటింది...

టక్.

ఆగింది.

గాలికి ఏదో కదిలుంటుంది, అనుకుంది. కదలడానికి ఇక్కడేముంది? రాళ్ళు. రాళ్ళు గాలికి కదుల్తాయా?

టక్... టక్.

ఎడమ పక్క నించి. కాదు... కింద నించి. కాదు, అన్ని పక్కల్నించీ. ఎవరో తొందర లేకుండా, అలసిపోయిన చేత్తో... తలుపు కొడుతున్నట్టు.

వెనక్కి తిరగాలని ఒళ్ళంతా అంటోంది. కాళ్ళు మాత్రం ఏ పక్కకీ రావడం లేదు. అప్పుడే రెండు గోడల సందులోంచి గాలి ఒక్క ఉదుటున వచ్చింది —

లాంతరు ఆరిపోయింది.

చీకటి. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే చీకటి.

టక్... టక్... టక్.

మార్సలీ అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. తెచ్చుకున్న అగ్గిపుల్లలు సముద్రపు తుంపరకి తడిసి ముద్దయ్యాయి. వ్యాపారి మాటలు గుర్తొచ్చాయి. టోర్మడ్ గుర్తొచ్చాడు... రాతి మీద, నడుం లోతు నీళ్ళలో. తను ఇక్కడ, అతను అక్కడ. మధ్యలో ఈ చప్పుడు.

"మాటలు రావట్లేదయ్యా," అంది పైకే. "నాకేమీ గుర్తు రావట్లేదు. నువ్వే ఏదో ఒకటి..."

మాట రాలేదు. పాట వచ్చింది.

ఎలా వచ్చిందో ఆమెకే తెలీదంటారు. ఆదివారం ఆదివారం విన్న కీర్తనే. చావు చీకట్లో కూడా చెయ్యి వదలని కాపరి గురించి. ఎప్పుడూ వంత పాడటమే తప్ప ఎత్తిన గొంతు కాదు. కానీ అక్కడ ఎత్తడానికి ఇంకెవరున్నారు? మొదటి చరణం ఎత్తింది. గొంతు చీరుకుపోయింది, వణికింది, శ్రుతి ఎక్కడో పోయింది. చివరిదాకా పాడింది.

పాడి ఆగింది. అలవాటు... చరణం ఎత్తాక ఆగాలి. జనం అందుకోవాలి.

జనం లేరు కదా, అనుకుంది. నేనే అందుకోవాలి కాబోలు...

అందుకుంది. తను కాదు.

లోతుగా, నెమ్మదిగా... నేల అడుగునించి వచ్చినట్టు. ఆ చరణమే. అల మీద అల పడ్డట్టు సాగి, గోడ గోడకీ తగిలి, ఎక్కడో దూరాన సన్నబడి... ఆగింది.

మార్సలీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, ఇంకో శబ్దం బయటికి రాకుండా. పరిగెత్తు అంది మనసు. లేచి పరిగెత్తు, కోళ్ళ గూడు దగ్గర పరిగెత్తినట్టు.

అంతలోనే ఇంకో మాట తట్టింది.

ఎవరైతే ఏం? బతికున్నవాళ్ళో, చచ్చినవాళ్ళో... ఆయన కీర్తనకి వంత పాడుతున్నారు. ఆయన పేరెత్తిన నోరు నన్నేం చేస్తుంది?

నోటి మీంచి చేతులు తీసింది. రెండో చరణం ఎత్తింది.

వచ్చింది వంత. ఈసారి ఎటునించో తెలిసింది... ముందునించి, పల్లంలోంచి. మార్సలీ లేచి, గోడ పట్టుకుని, అటే నడిచింది. ఒక చరణం, నాలుగడుగులు. వంత వచ్చేదాకా ఆగడం. మళ్ళీ చరణం. చీకట్లో తాడు పట్టుకుని నడిచినట్టు ఆ పాట పట్టుకునే నడిచింది. టక్... టక్... చప్పుడు దగ్గరైంది. భయం పోలేదు. పక్కనే నడుస్తోంది.

అడుగు వెయ్యబోతే కాలి కింద నేల లేదు.

వెనక్కి పడింది. చేత్తో తడిమి చూసింది... బండ అంచు. సముద్రం కోసుకొచ్చిన చీలిక. ఒడ్డునించి లోపలికి, ఊరి గోడల అడుగుదాకా వచ్చేసింది. కింద నల్లటి నీళ్ళు పైకెక్కుతున్నాయి. ఒక్కో అలకీ ఒక్కో చప్పుడు — టక్. చెక్క. బండకి కొట్టుకుంటున్న చెక్క. ఆ చీలిక దాన్ని గొట్టంలా పైకి ఊది, గోడల మధ్య వదుల్తోంది!

"టోర్మడ్!"

జవాబు లేదు.

"టోర్మడ్!"

లేదు. బోర్లా పడుకుని, అంచుకి తల వేలాడేసి, మళ్ళీ చరణం ఎత్తింది. వంత మోగింది, బండల మధ్య ఒక్క గొంతు వంద గొంతులైనట్టు. దాని వెనకే కింద ఒక రాయి జారింది. ఇంకో రాయి. ఎవరో... ఏదో... పైకి వస్తోంది.

కీర్తన అయిపోయింది. ఆగితే ఏమవుతుందోనని మొదట్నించి ఎత్తింది. రాళ్ళు జారుతున్నాయి. గోళ్ళు బండని గీరుతున్న చప్పుడు. ఊపిరి... జంతువు ఊపిరిలా. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

మంచుగడ్డ లాంటి చెయ్యొకటి ఆమె మణికట్టు పట్టుకుంది.

అరుపు సగంలో మింగేసి రెండో చేత్తో తడిమింది. తడిసిన ఉన్ని. చొక్కా అంచు. అంచు మీద బొడిపెలా ఒక ముడి... నిన్న రాత్రి "ఎన్నిసార్లు చింపుతావయ్యా" అని తిట్టుకుంటూ తనే వేసిన ముడి.

కాళ్ళు బండకి తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగింది.

ఉత్తరం వెళ్ళినవాళ్ళు ఉత్త చేతుల్తో తిరిగొచ్చేసరికి పెగీ ఇంట్లో పొయ్యి భగభగ మండుతోంది. దాని ముందు చాపేసి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పి, మార్సలీ భుజానేసుకుని కొండ దాటించిన టోర్మడ్‌ని పడుకోబెట్టారు. అతనికింకా నోట మాట లేదు. పెగీ చెంచాతో వేడి పాలు పోస్తోంది, సగం లోపలికి, సగం గడ్డం మీదికి. "చిన్నప్పుడూ ఇంతే, తిన్నగా తాగిన పాపాన పోలేదు," అని తిడుతూనే కళ్ళు తుడుచుకుంటోంది.

మార్సలీ జరిగిందంతా చెప్పింది. చప్పుడు, చీలిక, చరణం... అన్నీ.

ఈవెన్ టోపీ చేత్తో నలుపుకుంటూ విన్నాడు. "చీలిక సంగతి మాకెవరికీ తోచలేదు చూడు. తలుపు చప్పుడంటే ఇదే కాబోలు, అలలు ఏ చెక్కనో కొట్టడం. అనవసరంగా ఇన్నాళ్ళూ..." అని నవ్వాడు. మళ్ళీ మొహం పెద్దరికంగా పెట్టుకుని, "కానీ అమ్మాయ్, ఆడపిల్లవి చరణం ఎత్తడం... సంఘంలో అడుగుతారు మరి."

"అడగనీ," అంది పెగీ, చెంచా ఎత్తి. "ఎత్తాల్సినవాళ్ళంతా ఆ వేళ ఉత్తరానికెళ్ళారని చెప్తాలే."

ఈవెన్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మార్సలీ వైపు తిరిగి టోపీ తీశాడు. సంఘపెద్ద ఒక ఆడమనిషికి టోపీ తియ్యడం మావాళ్ళు చూడటం అదే మొదలట.

అందరూ వెళ్ళాక, పెగీ కునుకు తీశాక, మార్సలీ మొగుడి పక్కన కూర్చుంది. మంట వెలుగులో అతని పెదాలు కదిలాయి. చెవి దగ్గర పెట్టింది.

"పడవ... రాతికి తగిలింది," అన్నాడు. గాలి మాటలే, గొంతు లేదు. "అరిచా. అరిచి అరిచి... పొద్దు ఉండగానే గొంతు పోయింది. ఇక దేవుడి చిత్తం అని కళ్ళు మూసుకున్నా."

"ఊరుకో. ఇంక మాట్లాడకు." నుదురు తుడిచింది. "గొంతు పోయిందంటావు... అంత బాగా పాడావు కదయ్యా. నువ్వు అందుకోకపోతే నేనక్కణ్ణించి కదిలేదాన్నే కాదు."

టోర్మడ్ కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు.

"నేనా?"

"నువ్వే. ప్రతి చరణానికీ."

"నా దవడ కొయ్యైపోయింది మార్సలీ. ఊపిరి తియ్యడమే..." ఆగి, మింగి, మళ్ళీ గుసగుసగా — "నేను వింటూ పడున్నా, అంతే. నా కోసం ఇంతమంది వచ్చారా అనుకున్నా. ఇంత చీకట్లో, ఈ గాలిలో ఇంతమంది వస్తే నేను లేవకుండా ఎలా ఉంటాను అనుకున్నా. లేకపోతే పైకెక్కే సత్తువ నాలో ఎక్కడిది?"

మార్సలీ చెయ్యి అతని నుదుటి మీదే ఆగిపోయింది.

"ఎంతమంది?"

"అదే నేనూ అడుగుతున్నా. నువ్వు ఎత్తుతుంటే నీ వెనక నిలబడి వంత పాడారే... మగాళ్ళూ, ఆడాళ్ళూ, చంటిపిల్లల గొంతులు కూడా..." మళ్ళీ మూతబడుతున్న కళ్ళని బలవంతంగా తెరిచాడు. "వాళ్ళందర్నీ ఆ చలిలోనే వదిలేసి వచ్చావటే? లోపలికి రమ్మనలేదా?"